హనుమండ్లు తాళం

మిక్సీ జారు గోడకు తగిలి పగిలింది. అల్లం వెల్లుల్లి ముద్ద గోడ మీది నుంచి మెల్లగా కిందికి జారుతోంది.

“క్యా హువా రే తుజే?” సలీమా రెండు చేతులూ గాలిలోనే ఉంచి కొడుకు వైపు చూసింది. “స్విచ్చు ఏసిన. గంతే గదా! బాంబు పెట్టిన్నా?”

జారును విసిరింది షాహిదే. గోడలోంచి పీకిన ప్లగ్గును పిడికిట్లో బిగించి నిలబడ్డాడు. ఫ్యాను లేక అంగీ వీపుకు అతుక్కుపోయింది.

“లోపల చూసి ఏసినవా అమ్మీ?” అన్నాడు చివరికి.

“దేని లోపల?”

“జార్ల. ఎవరి చెయ్యన్న ఉన్నదేమో చూసి ఏసినవా?”

సలీమాకు కోపం పోయి భయం పట్టుకుంది. పావుశేరు అల్లం పట్టని జారులో ఎవరి చెయ్యి ఉంటుంది? ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కోడలి వైపు చూసింది.

రుబీనా గుమ్మంలో కూర్చుని డ్యూటీ బూట్ల తాళ్ళు కట్టుకుంటోంది. వింటూనే ఉంది. వింటూ తలెత్తకుండా ఉండడం ఈమధ్యే నేర్చుకుంది.

హనుమండ్లు పోయిన నాటి నుంచి షాహిద్ ఇంట్లో ఒక్క స్విచ్చు కూడా ముట్టలేదు. రోహిణి ఎండలు మాడుస్తుంటే చీకట్లో చెమటలు కక్కుకుంటూ కూర్చుంటాడు తప్ప లేచి ఫ్యాను వేసుకోడు. ఇంకెవరైనా వేయబోతే “ఎవరన్న ఉన్నరా?” అని అరిచి, మంచం కిందా తలుపు వెనుకా చూసి వస్తాడు. ఆ కేక మొదటిసారి విన్నప్పుడు నస్పూరులో వాళ్ళ గల్లీ మొత్తం బయటికి వచ్చింది. ఇప్పుడు ఎవరూ రావడం లేదు. అదే రుబీనాకు ఎక్కువ బాధగా ఉంది.

కారణం గల్లీలో అందరికీ తెలుసు. సిమెంటు ఫ్యాక్టరీలో సున్నపురాయి మోసే పెద్ద బెల్టును ఆ రోజు నడిపించిన బటన్ మీద ఉన్నది షిఫ్టు ఇన్‌చార్జి షాహిద్ వేలు. ఆ బెల్టు లోపల రోలరు బిగిస్తూ ఉన్నవాడు ఫిట్టరు హనుమండ్లు.

“నేను మసీదుకు పోతున్న” అన్నాడు షాహిద్. ప్లగ్గును జాగ్రత్తగా, నిద్రపోతున్న పసిపిల్లను పడుకోబెట్టినట్టు, గట్టు మీద పెట్టాడు. బయట బండికి బటన్ ఉన్నా ముట్టుకోకుండా కిక్కు కొట్టి వెళ్ళిపోయాడు.

బండి చప్పుడు గల్లీ దాటగానే సలీమా ఒంటికాలి మీద లేచింది.

“ఇయ్యాల ఎంక్వైరీ. యాదికున్నదా?”

“ఉన్నది అమ్మీ.”

“ఆడ గూడ గదే మాట చెప్తడు. తాళం ఉండె, నేనే పలగ్గొట్టిన, నేనే బటన్ ఒత్తిన అంటడు. చేతులకు బేడీలు ఏసి తోల్కపోతరు. నువ్వు తెల్లంగీ ఏస్కొని పక్కపొంటి నిలవడి చూస్తవు. అంతేనా?”

“ఆయన పలగ్గొట్టలే.”

“మరి చెప్పు గా మాట! సేఫ్టీ ఆఫీసర్వి నువ్వే గదా. తాళాలు తెచ్చి అందరి చేతులల్ల పెట్టింది నువ్వే గదా. నీ తాళమే నా కొడుకును తింటున్నది.”

రుబీనా రెండో బూటు తాడు బిగించింది. తాళాలు తెచ్చింది తనే.

అంతకుముందు ఫ్యాక్టరీలో అరుపుల మీదే పని జరిగేది. లోపలివాడు “అయిపోయింది” అని అరిస్తే బయటివాడు బటన్ ఒత్తేవాడు. రుబీనా వచ్చాక ప్రతివాడికీ ఒక ఎర్ర తాళం ఇప్పించింది. మిషన్ లోపలికి వెళ్ళే ముందు కరెంటు పెట్టె గొళ్ళేనికి తన తాళం తాను వేసుకుని, తాళంచెవి జేబులో పెట్టుకుని వెళ్ళాలి. తాళం మీద వాడి ఫొటో ఉంటుంది. వాడు బయటికి వచ్చి తీసుకుంటే తప్ప ఆ మిషన్ కదలదు. గేటు దగ్గర బూట్లు లేనివాణ్ణి ఇంటికి తిప్పి పంపే రుబీనా మేడం అంటే పనివాళ్ళకు బడిలో డ్రిల్లు మాస్టరంత భయం. తాళాలు వచ్చాక ఆ భయం మీద కొంచెం ప్రేమ కూడా పుట్టింది.

హనుమండ్లు తాళం మాత్రం దొరకలేదు. తాను పగలగొట్టి ఎక్కడో పారేశానంటాడు షాహిద్. రుబీనా ఆ పెట్టెను కళ్ళారా చూసింది. తాళం పగలగొడితే గొళ్ళెం వంగాలి, కనీసం రంగు లేవాలి. గొళ్ళెం మీద గీత కూడా లేదు. అంటే ఆ రోజు అక్కడ తాళమే లేదు. లేని తాళాన్ని ఈ మనిషి పగలగొట్టానని ఎందుకంటున్నాడు?

మతి చలించిందని డాక్టరు సగం, గాలి సోకిందని సలీమా పూర్తిగా నమ్మారు. రుబీనా ఏదీ నమ్మలేదు. అలాగని ఆమె దగ్గర ఇంకో జవాబూ లేదు.

“ఫ్యాక్టరీ అంత దేవులాడిన” అంది లేస్తూ. “ఇగ ఒక్కటే జాగ మిగిలింది. వాళ్ళింటికి పోత.”

“ఎవరింటికి?”

“హనుమండ్లు ఇంటికి.”

సలీమా దగ్గరికి వచ్చింది. “వాళ్ళు నిన్ను వాకిట్లకు రానిస్తరా బేటీ?” అంది. పొద్దుటి నుంచి ఆమె నోట బేటీ అన్న మాట అదే మొదటిసారి.

*

గోదావరి వంతెన దాటి, పత్తికట్టె పీకేసిన చేల మధ్య నుంచి కంకర రోడ్డు పట్టుకుంది రుబీనా స్కూటీ. హనుమండ్లును మట్టి చేసిన నాడు వచ్చి చూసిన ఊరే. ఆ రోజు జనం మధ్య దారి తెలియలేదు. ఇప్పుడు దారంతా తెలుస్తోంది, అదే ఇబ్బందిగా ఉంది.

ఇంటి ముందు రేకుల పందిరి. పందిరి కింద హనుమండ్లు తల్లి శంకరవ్వ కాళ్ళు చాపుకుని కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

“ఎవలు బిడ్డా?”

“ఫ్యాక్టరీ నుంచి వచ్చిన అవ్వా. రుబీనా.”

తరిమేస్తుందేమో అనుకుంది. ముసలామె చాప పక్కకు జరిపింది. “కూసో. ఎండల వడి వచ్చినవు. మమతా, మంచినీళ్ళు తే!”

ఇంటి లోపలి నుంచి జవాబు లేదు. ఇంటి పక్కనున్న మేకల కొట్టంలోంచి మేకలు మాత్రం అరిచాయి. రుబీనా అటు తిరిగింది.

కొట్టం తలుపు గొలుసుకు ఎర్రటి తాళం వేలాడుతోంది.

ఆమె దగ్గరికి వెళ్ళింది. ఎర్ర తాళం మీద హనుమండ్లు నవ్వుతున్నాడు. ఆ ఫొటో తీసింది తనే. నవ్వకు, నోరు మూసుకో అని ఎంత చెప్పినా పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు. పోనీలే, తాళం మీద ఫొటోనే గదా అని వదిలేసింది. ఇప్పుడా నుదుటి మీద కుంకుమ బొట్టు ఉంది. తాళం కాడకు ఒక బంతిపువ్వు గుచ్చి ఉంది.

“మంచిగ వడ్డది గదా బిడ్డా ఫొటో?” అంది శంకరవ్వ. “నా కొడుకు నవ్వేది ఇండ్ల ఇంకొకటి లేదు. లగ్గం ఫొటోల గూడ బిర్రుగ నిలవడ్డడు. నేను పొద్దుగాల లేసి దీనికే మొక్కుత.”

“ఈ తాళం... ఎప్పటి నుంచి ఉన్నది అవ్వా ఈడ?”

“మొన్న బతుకమ్మ పండుగప్పటి సంది. బండ్ల మీద వచ్చి మేకలను ఎత్తుకపోతున్నరు గదా దొంగలు! మేడం ఇచ్చింది మస్తు గట్టి తాళం, రంపం పెట్టినా తెగదు అని తెచ్చి ఏసిండు. నిజమే బిడ్డా. ఊరందరి మేకలు పోయినయి, మాయి పోలే.”

రుబీనా కొట్టం గుంజ పట్టుకుని నిలబడింది. బతుకమ్మ పండుగ నుంచి. అంటే ఇన్నాళ్ళూ హనుమండ్లు తాళం లేకుండానే బెల్టు లోపలికి దూరాడు. తను రోజూ గేటు దగ్గర బూట్లు చూసింది, టోపీలు చూసింది. వాడి చేతిలో తాళం ఉందో లేదో ఒక్కరోజు చూడలేదు.

అయినా ఆ క్షణంలో ఆమెకు ముందుగా కలిగింది సంతోషమే. దాచడం ఎందుకు? షాహిద్ బతికిపోయాడు, పెట్టెకు తాళమే లేదు, ఇదిగో సాక్ష్యం అనుకుంది. అనుకున్న మరుక్షణం బొట్టు పెట్టిన ఆ నుదురు చూసి సిగ్గుతో కుంగిపోయింది.

తప్పు ఫ్యాక్టరీదని, లేదా దాని ఇన్‌చార్జిదని తేలితే హనుమండ్లు భార్యకు ఉద్యోగం ఇస్తామని యాజమాన్యం యూనియన్ ముందు ఒప్పుకుంది. తప్పు పనివాడిదైతే ఆ ఒప్పందం ఉండదు. మేకల కొట్టానికి వేలాడే ఈ తాళం విచారణలో బల్ల మీదికి ఎక్కిందంటే తప్పు ఎవరిదని రాస్తారో రుబీనాకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

“మీ సారు గూడ దీన్నే చూసుకుంట కూసుంటడు” అంది శంకరవ్వ.

“ఏ సారు?”

“గదే, షాహిద్ సారు. నా కొడుకు దోస్తు. దినాం వస్తడు. గిప్పుడే బిందె పట్టుకొని బోరింగు కాడికి పోయిండు.”

రుబీనా వెనక్కి తిరిగింది. వీధి మలుపులో నీళ్ళ బిందె భుజాన పెట్టుకుని వస్తున్నది ఆమె మొగుడే. ఇంట్లో మసీదు అని చెప్పి వెళ్ళిన మనిషి. అంగీ అంతా తడిసి ఉంది. ఆమెను చూసి ఆగాడు. పారిపోతాడేమో అనుకుంది కాని, వచ్చి బిందెను గోలెం దగ్గర నిదానంగా దించాడు.

“జర ఇటు రా” అంది రుబీనా.

ఇద్దరూ కొట్టం వెనక్కి నడిచారు. మేకల వాసన, ఎండ.

“ఎప్పుడు చూసినవు ఈ తాళాన్ని?”

“మట్టి నాడే. అందరు పాడె దిక్కు చూస్తున్నరు. నేను ఇటు చూసిన.”

“అంటే నీకు తెలుసు. పెట్టెకు తాళం లేదని నీకు తెలుసు.”

“తెలుసు.”

“నీకు మతి బాగానే ఉన్నది.”

షాహిద్ నవ్వినట్టు మొహం పెట్టాడు. “అది నాకు తెల్వది. ఫ్యాను చూస్తె భయమైతది. అది అబద్ధం కాదు. తాళం మాట ఒక్కటే అబద్ధం.”

“ఎందుకు చెప్పినవు? జైల్ల ఏస్తరు నిన్ను!”

“తాళం లేదని చెప్తె తప్పు ఎవనిదైతది?”

“సగం వానిది. సగం నీది. నువ్వు బటన్ ఒత్తే ముందు లోపలికి పోయి చూడాలె. చూడలే.”

“సగం తప్పుకు ఆమెకు నౌకరి ఇస్తరా?”

ఫ్యాక్టరీ సంగతి అతనికంటే రుబీనాకే ఎక్కువ తెలుసు.

“నేను చూసిన రుబీనా” అన్నాడు షాహిద్. గొంతు చాలా మెల్లగా ఉంది. “పెట్టె దిక్కు చూసిన. తాళం లేదు. తాళం లేదంటె మనిషి లేడు. నువ్వే గదా నేర్పినవు. క్లాసుల అందరితోని మూడుసార్లు అనిపించినవు. నేను తాళం కోసం చూసిన. మనిషి కోసం చూడలే.”

అంతవరకు గట్టిగా నిలబడ్డ రుబీనా అక్కడే గోడకు ఆనుకుంది. అతను నేరం మోపడానికి అనలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. అందుకే ఆమెకు ఏడవడం కూడా చేతకాలేదు. పాత రోజుల్లోని ఆ అరుపులే ఉంటే హనుమండ్లు లోపలి నుంచి అరిచేవాడేమో. తాళాలు వచ్చాక అరవడం మానేశారు.

“వాడు డ్యూటీకి రాంగ నన్ను చూసి చెయ్యి ఊపిండు” అన్నాడు షాహిద్. “పొద్దుగాల. అది యాదికస్తది. ఆ బెల్టు కదిలినప్పుడు సప్పుడు వేరే వచ్చింది. అది యాదికస్తది. మిక్సీల గూడ అదే సప్పుడు వినవడతది.”

“ఇంటికి పోదాం పా. ముందు ఇంటికి పోదాం.”

“ఆ తాళం ఎంక్వైరీల పెడితె నేను ఇగ ఇంటికి రాను. చెప్తున్న.”

“పెట్టకపోయినా నువ్వు ఇంటికి రావు!” రుబీనా గొంతు ఒక్కసారిగా లేచింది. “జైలుకు పోతవు. ఇది ఎవరి తోని ఆట? అమ్మీ తోనా? నా తోనా?”

మేకలు అరిచాయి. ఇద్దరూ తలతిప్పారు.

కొట్టం మూల మీద హనుమండ్లు భార్య మమతారాణి నిలబడి ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో తెలియదు. చేతిలో మేకలు తోలే కర్ర ఉంది. కొంగుకు తాళంచెవి కట్టుకుంది.

“మెల్లగ మాట్లాడున్రి” అంది. “ముసల్దానికి ఈయనే బటన్ ఒత్తిండని తెల్వది.”

షాహిద్ తల దించుకున్నాడు. “చెల్లే...”

“చెల్లే అనకు.”

ఆ మాట పదునుకు అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. మమతారాణి అతని వైపు చూడలేదు. రుబీనాతోనే మాట్లాడింది.

“ఒక్క మాట మేడం. ఈ సారు దినాం వస్తుండు. నీళ్ళు తెస్తుండు, కట్టెలు కొడుతుండు. మా అత్త నా కొడుకు దోస్తు అని అంబలి పోస్తది. ఈయన తాగుతుంటె నేను ఆ చేతి దిక్కే చూస్త. ఏ వేలు కావచ్చు అని చూస్త.”

షాహిద్ కుడిచేతిని తనకు తెలియకుండానే వెనక్కి దాచుకున్నాడు.

“సచ్చినోడు ఒక్కసారే పోయిండు. కలల గూడ వస్తలేడు. ఈయన పొద్దు పొడిస్తె చాలు, వాకిట్ల నిలవడుతుండు. నేనెట్ల మర్చిపోవాలె? నేనెట్ల ఏడ్వాలె? ఏడిస్తె ఈయనే వచ్చి నీళ్ళు ఇస్తడాయె.”

“నేను మంచికే...” అన్నాడు షాహిద్.

“తెలుసు. గందుకే ఇన్ని దినాలు నోరు తెరవలే.” ఆమె కొంగుముడి విప్పింది. “నాకు నౌకరి గావాలె మేడం. వద్దంటె అబద్ధం. ఇద్దరు పోరగాండ్లు ఉన్నరు. కని ఈయన తప్పు నెత్తిన ఏసుకొని జైలుకు పోతె, ఆ నౌకరి ఈయన ఇచ్చినట్టే అయితది. తిన్న ప్రతి ముద్దల ఈయన ఉంటడు. ఈయన జైలు నుంచి వచ్చినంక గూడ మా అత్త పిలిచి అన్నం పెడతది. నేను వడ్డించాలె.”

విచారణ కోసం రుబీనా ఎన్నో ప్రశ్నలకు జవాబులు సిద్ధం చేసుకుంది. ఇలాంటి ప్రశ్న ఒకటుంటుందని ఆమె చదివిన చదువులో ఎక్కడా లేదు.

“కాదు, తాళం కొట్టానికే ఉన్నదని చెప్తరు అనుకో” అంది మమతారాణి. “మా మనిషి మేకల కోసం పానం పోగొట్టుకున్న పిచ్చోడని ఊరంత అంటది. ముసలిది ఆ మాట ఇంటె బతకది. ఏది చెప్తరో మీకే తెల్వాలె. నాకైతె తెలుస్తలేదు.”

ఆమె తాళం తీసింది. గొలుసు జారింది, తలుపు తెరుచుకుని మేకలు ఒకదాన్నొకటి తోసుకుంటూ బయటికి వచ్చాయి. ముగ్గురి మధ్య నుంచి, కాళ్ళకు రాసుకుంటూ పోయాయి. అవి పోయేదాకా ఎవరూ కదల్లేదు.

మమతారాణి తాళాన్ని రుబీనా అరచేతిలో పెట్టింది. ఎండకు వేడెక్కి ఉంది. కుంకుమ వేళ్ళకు అంటుకుంది.

“ఏం చేస్తవో చెయ్యి. కని రేపటి సంది ఈ మనిషి మా వాకిట్ల కనవడద్దు.”

“షాహిద్ బిడ్డా!” పందిరి కింది నుంచి శంకరవ్వ కేక వినిపించింది. “అంబలి పోసిన, రా! ఈగలు వాలుతున్నయి!”

షాహిద్ అటు చూశాడు, మమతారాణిని చూశాడు. పోవాలో వద్దో తెలియక, తప్పిపోయిన పిల్లాడిలా నిలబడ్డాడు. ఇన్నాళ్ళూ అతను నిలబడగలిగిన చోటు ఈ లోకంలో ఇదొక్కటే. అది కూడా ఇప్పుడు పోయింది. రుబీనాకు అతని మీద కోపం, జాలి రెండూ ఒకేసారి కలిగాయి.

ఆమె చేతిసంచిలో ఫోను మోగింది.

ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ సీతారాంరావు. ఆమె తీసే లోపు మోగి ఆగిపోతుందేమో అనుకుంది. ఆగలేదు.

“నమస్తే సార్.”

“రుబీనా గారూ, కరీంనగర్ల బయలెల్లినం. ఎంక్వైరీ టైముకు అందుకుంటం. ఒక్క సంగతి తేలలే గదా, ఆ ఫిట్టర్ తాళం. అదేమన్న దొరికిందా?”

షాహిద్ ఆమె పెదవుల వైపే చూస్తున్నాడు. వద్దన్నట్టు తల ఊపుతున్నాడు. మమతారాణి కర్ర నేలకు ఆనించి, మేకలు పోయిన దిక్కు చూస్తూ నిలబడింది. కాని ఆమె చెవి ఇటే ఉంది.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో రుబీనా ఏ ఇన్‌స్పెక్టరుకూ అబద్ధం చెప్పలేదు. ఆలోచించే లోపే నోరు పలికింది.

“దొరికింది సార్.”

“మంచి మాట చెప్పిన్రు. దానితోనే మొత్తం తేలిపోతది.” అవతల ఎవరితోనో ఏదో అన్నాడు, మళ్ళీ ఫోనులోకి వచ్చాడు. “ఎక్కడ దొరికింది?”

రుబీనా తాళాన్ని బిగించి పట్టుకుంది.

“మేడం, లైన్ల ఉన్నరా? ఎక్కడ దొరికిందంటున్న.”